ఎడంవైపు చాచిన చెయ్యి

ఢిల్లీశ్వరి వంకాయలు ఏరుకుంటుంటే, పక్కనే నిలబడి ఒక చేదోడు కూడా వంకాయలే ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ అది మెడ వంచి, చెంపని భుజానికి రుద్దుకుంది. దానికి చెమట పట్టదు, చెంప దురద పెట్టదు. అయినా రుద్దుకుంది. కూరగాయలమ్మే ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి కిసుక్కున నవ్వింది.

"నీ కూతురేటి, అక్కా?"

"నోరు ముయ్యే. నా కూతురైతే బేరం ఆడకుండా కొంటాదేటి?" అంది ఢిల్లీశ్వరి. పైకి అలా అందిగానీ ఆమెకి లోపల ఎప్పట్లాగే తికమకగా ఉంది. తన చేష్టలు తనకి ఎదురుపడి, పలకరించకుండా వెళ్లిపోతుంటే మనిషి ఏమనుకోవాలి? మీరైనా ఏమనుకుంటారు?

పలాసలో ఇది వింతేమీ కాదు. మనిషి ఆకారంలో, మనిషి ఎత్తులో, రెండు కాళ్ల మీద నడిచే ఈ యంత్రాలకి ప్రభుత్వం పెట్టిన పేరు నోరు తిరగనిది. జనం చేదోడు అన్నారు, అదే నిలిచింది. ఒకప్పుడు జీడిపిక్కలు కొట్టే షెడ్లలో ఆడవాళ్లు కూర్చున్న చోట ఇప్పుడవి కూర్చుంటున్నాయి. వాటి సంపాదనలోంచి ఇంటింటికీ ఊరివాటా వస్తోంది. ఎవరూ పస్తు పడుకోవడం లేదు, ఎవరి చేతులూ జీడిసొనకి కాలి నల్లబడడం లేదు. పని మాత్రం మొదట మనిషే నేర్పాల్సి వచ్చింది. షెడ్లన్నిటిలోనూ చెయ్యి తిరిగిన ఒక్క మనిషిని ఎంచుకుని, ఒంటికి అతుక్కునే ఒరవడి చొక్కా తొడిగి, వేళ్లూ మణికట్టూ మెడా భుజమూ ఎలా కదులుతాయో అంతా పట్టుకున్నారు. పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్టు యంత్రాలు ఆ కదలికలన్నీ దిద్దుకున్నాయి. పలాస ఒరవడి ఢిల్లీశ్వరిది. ఆ చేతుల ఒడుపు నచ్చి, తరవాత వంటింటి చేదోడులకీ అదే పెట్టారు. అందుకే బజారులో ఆమెకి ఆమే తగులుతూ ఉంటుంది.

సంచీ సర్దుకుంటుండగా ఫోను మోగింది. షెడ్డులో యంత్రాలు చూసే ఇంజనీరమ్మాయి, ధాత్రి.

"ఆంటీ, ఒకసారి షెడ్డుకి రాగలరా? మీ చేతులు ఆగిపోయాయి."

ఢిల్లీశ్వరి సంచీ పట్టుకున్న తన చేతుల వంక చూసుకుంది. అవి బాగానే ఉన్నాయి.

షెడ్డు గుమ్మంలోనే ఆమె గతుక్కుమంది. లోపల ఈ చివర్నించి ఆ చివరిదాకా చేదోడులు వరసగా పీటల మీద కూర్చుని ఉన్నాయి. కుడిచేతులు కత్తెర మీద ఉన్నాయి, కాళ్లు తొక్కుడుబద్ద మీద ఉన్నాయి. ఎడమచేతులు మాత్రం అన్నీ ఒకే తీరుగా పక్కకి చాచి, అరచెయ్యి పైకి పెట్టుకుని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"ఒలమ్మో! ఏటి అడుక్కుంటన్నాయివి?"

"అదే మాకూ తెలియట్లేదు." ధాత్రి ముఖం పీక్కుపోయి ఉంది. "మొదట్లో మీ ఒరవడిలో పనికిరాని కదలికలన్నీ కత్తిరించేశాం, ఆంటీ. చెంప రుద్దుకోవడం, ఈ చెయ్యి చాచడం, అన్నీ. అప్పుడు పప్పు గుండుగా రాకుండా బద్దలుగా చీలిపోయేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఈమధ్య విసుగొచ్చి, కత్తిరించినవన్నీ తిరిగి పెట్టేశాం. పప్పు చక్కగా వస్తోంది. కానీ ఇదిగో, కాసేపు పనిచేసి ఇలా చెయ్యి చాస్తున్నాయి. అందులో ఏదో పడాలట. పడేదాకా కదలవు. పిక్కలు వేశాం, నీళ్లు పోశాం. ఊహూఁ."

"మరేటి సేస్తారు?"

"సాయంత్రం దాకా చూస్తామన్నారు పైవాళ్లు. తేలకపోతే మీ ఒరవడి పూర్తిగా తుడిచేసి, వేరే దేశంలో తీయించింది పెడతారు." ధాత్రి కాస్త ఇబ్బంది పడింది. "మీకు ఊరివాటా ఎలాగూ వస్తుంది. అయినా చెప్పండాంటీ, ఆ చేతిలో ఏం పడేది?"

ఢిల్లీశ్వరికి గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు. తన చెయ్యి అలా చాచేదని కూడా ఆమెకి ఈరోజే తెలిసింది. ఆ తుడిచెయ్యడంలో తనదేదో పోబోతోంది. అదేమిటో తెలిస్తేగదా, వద్దని అడ్డుపడడానికి!

"ఓ కత్తెర ఇలాగియ్యి. కూకుని సూస్తాను," అంది.

మూలనున్న పాత పీట తెప్పించుకుని కూర్చుంది. మొదటి పిక్క నలిగిపోయింది. రెండోది చీలింది. తరవాత కాలూ చెయ్యీ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. పిక్క పెట్టడం, తొక్కడం, తిప్పడం. సొన చిమ్మి వేలి మీద చురుక్కుమంది. ఇంకో పిక్క, ఇంకోటి. ఉన్నట్టుండి, తను అనుకోకుండానే, ఎడమచెయ్యి పక్కకి వెళ్లి అరచెయ్యి తెరుచుకుంది.

ఢిల్లీశ్వరి ఎడంవైపు చూసింది. అక్కడ ఉత్త సిమెంటు గచ్చు ఉంది.

అప్పుడు ఆముదం వాసన గుర్తొచ్చింది. ఆముదంతోపాటు లోలాక్షి.

పిల్లప్పుడు షెడ్డుకొచ్చిన రోజునుంచీ ఎడంవైపు లోలాక్షే. సొన అంటుకుంటే కాలిపోకుండా అరచేతికి ఆముదం రాసుకునేవాళ్లు. పని మొదట్లో ఎవరి గిన్నెలోది వాళ్లు రాసుకునేవాళ్లు. పని నడుమన మాత్రం, ఢిల్లీశ్వరి చెయ్యి చాచేది, అందులో లోలాక్షి గిన్నెలోంచి చుక్క పడేది. అడిగింది లేదు, చూసింది లేదు. ఇద్దరి కళ్లూ పిక్కల మీద ఉండేవి, నోళ్లు మాత్రం అత్తల మీద, ఆడపడుచుల మీద, మేస్త్రీ మీద ఆడుతూనే ఉండేవి. చొక్కా తొడిగిన రోజుల్లో కూడా లోలాక్షి పక్కనే కూర్చుంది. చొక్కా చెయ్యి చాచడాన్ని పట్టుకుంది. ఆముదం పోసిన మనిషి చొక్కా బయట ఉండిపోయింది.

షెడ్లలో మనుషుల పని ఆగిపోయాక వాళ్లిద్దరూ పోట్లాడుకోలేదు. అదే ఢిల్లీశ్వరికి ఇప్పటికీ కొరుకుడుపడని సంగతి. లోలాక్షి ఒకసారి పకోడీల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది. సోఫాల్లో ఎదురుబొదురుగా కూర్చున్నారు. "ఏటే?" అంది ఒకామె. "ఏటుంది?" అంది ఇంకొకామె. అంతే, ఆపైన మాట పెగల్లేదు. జీవితమంతా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నవాళ్లకి ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అంతకన్నా తెలియలేదు. పకోడీలు చల్లారిపోయాయి. తరవాత ఢిల్లీశ్వరి ఒకసారి వెళ్లింది, అక్కడా అదే వరస. ఆ తరవాత రాకపోకలు లేవు. అలిగిందా? ఒరవడికి నన్నొక్కదాన్నే ఎంచుకున్నారని కుళ్లుకుందా? నేనేమైనా అన్నానా? తల పగిలేలా ఆలోచించినా ఢిల్లీశ్వరికి జవాబు దొరకలేదు. దొరక్కపోయేసరికి ఒక్కోసారి ఏడుపొచ్చేది.

"ఏమైనా తెలిసిందా, ఆంటీ?" ధాత్రి ఆత్రంగా అడిగింది.

ఆముదం అని ఒక్క మాట అంటే చాలు. ఏ సీసాలోనో పోయించి సరిపెట్టేస్తారు.

"నాకు తెల్దు, పాపా. తెలిసిన మనిషి ఉంది. తీసుకొస్తాను."

మొగిలిపాడులో లోలాక్షి తలుపు తీసి, ఢిల్లీశ్వరిని చూసి బిత్తరపోయింది.

"ఏటే? ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదు. పని పడిందే, లోలాక్షీ. షెడ్డులో."

"పనా?" లోలాక్షి ముఖంలో ఏదో వెలిగింది. ఏం పని, ఎవరికి, ఎందుకు అని ఒక్క ముక్క అడగలేదు. "ఉండు," అని లోపలికెళ్లి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, అటక మీది పాత ఇత్తడి గిన్నెలో ఆముదం పోసుకుని వచ్చేసింది. దారిపొడుగునా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. అదే చాలనిపించింది ఢిల్లీశ్వరికి.

షెడ్డులో ఆ చేతుల వరస చూసి లోలాక్షి నోటిమీద చెయ్యి వేసుకుంది.

"ఇయ్యన్నీ నువ్వేనేటే?"

"నేనేనంట."

లోలాక్షి మొదటి యంత్రం పక్కన గొంతుక్కూర్చుంది. చాచిన అరచేతిలో గిన్నె వంచింది. చుక్క పడింది. చేదోడు రెండు చేతులూ రుద్దుకుని, చెంపని భుజానికి రాసుకుని, పిక్క అందుకుంది. ధాత్రి కేకలాంటి నవ్వు నవ్వింది. లోలాక్షి రెండోదాని దగ్గరికి జరిగింది, తరవాత మూడోదాని దగ్గరికి. షెడ్డు టకటకమని మళ్లీ ఊపందుకుంది.

"ఉండు, వస్తన్నాను. తొందరేటే నీకు?" అని కసిరింది లోలాక్షి, ఒక యంత్రాన్ని. ఆ తరవాతిదానితో, "మోకాలు నొప్పే, ఒంగనేకపోతన్నాను," అంది. ఇంకోదాని చేతిలో చుక్క వేస్తూ, "మా కోడలు మంచిదేగానీ నోరు ఇప్పదు. ఇంట్లో మాటాడే మనిషే నేదు," అంది. మనవరాలికి పళ్లొచ్చిన సంగతి ఒకదానికి చెప్పింది. మొగుడు పోయాక ఆ ఇంట్లో నిద్ర పట్టడం లేదని మరొకదానికి చెప్పింది.

వెనకాలే నడుస్తున్న ఢిల్లీశ్వరి అక్కడే నిలబడిపోయింది. లోలాక్షి మొగుడు పోయాడా? ఎప్పుడు? తనకి కబురైనా రాలేదే! ఇన్నాళ్లూ వినాలని కొట్టుకుపోయిన మాటలన్నీ ఇప్పుడు తన చెవిన పడుతున్నాయి. కానీ అవి తనతో చెబుతున్నవి కావు.

"దొరికింది, ఆంటీ!" ధాత్రి పరుగున వచ్చి ఢిల్లీశ్వరి చేతులు పట్టుకుని ఊపేసింది. "మీ ఒరవడికేం ఢోకా లేదు. రేపు ఈ ఆంటీకి కూడా చొక్కా తొడుగుదాం. ఒక్కోదాని ఎడంపక్కన ఇంకో చేదోడుని కూర్చోబెడితే సరి. ఇక మీ ఇద్దరికీ శ్రమే ఉండదు."

ధాత్రి చేతులు వదిలేసి, ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఢిల్లీశ్వరి వరస చివరికి నడిచి, అక్కడున్న పాత పీట మీద కూర్చుంది. ఏమనుకుందో ఏమో, కళ్లు కిందికి దించుకుని ఎడమచెయ్యి పక్కకి చాచింది.

లోలాక్షి ఒక్కో చెయ్యీ దాటుకుంటూ వచ్చింది. గిన్నె వంచబోయి ఆగింది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, వెలుతురుకి తిప్పి చూసింది. నలుపంతా ఎప్పుడో పోయింది. అరచెయ్యి తెల్లగా, మెత్తగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

"నీకెందుకే?" అంది. ఎగతాళి చెయ్యలేదు, నిష్ఠూరం ఆడలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. "నువ్వు పని సెయ్యట్లేదు కదా."

ఈలోగా వరస మొదట్లో ఒక చేదోడు ఆగి, మళ్లీ చెయ్యి చాచింది.

"వస్తన్నానే, వస్తన్నాను!" అంటూ లోలాక్షి మోకాలు పట్టుకుని లేచి, గిన్నెతో అటు వెళ్లిపోయింది.

ఢిల్లీశ్వరి చెయ్యి ఇంకా చాచే ఉంది. వెనక్కి తీసుకోవాలో, మళ్లీ తన వంతు వచ్చేదాకా అలాగే ఉంచాలో ఆమెకి తెలియలేదు.