తిమ్మమ్మ వక్కాకు సంచి

పొద్దున్నే అత్త తిమ్మమ్మకు వక్క ఇద్దామని స్వర్ణలత వక్కాకు సంచి మూతి విప్పింది. తమలపాకుల కింద మాత్రల అట్ట చేతికి తగిలింది. నడుము నొప్పికని మొదలై, ఆమె భర్త ఓబుళేశును రెండేళ్ళు తినేసిన మాత్రలే అవి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర వైద్యానికి చేరి అతను వాటిని మానేసి ఏడు వారాలు. మనిషి తేరుకున్నాడు గానీ కాళ్ళు మొండికేశాయి. కూర్చుంటే చాలు, పిక్కల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి గడియసేపు కూర్చోలేడు. నిన్న తొక్కుడు చెక్క మీద కాలు తప్పి, నేస్తున్న చీర అంచు చెడిపోయింది.

అట్ట పట్టుకుని ఆమె మగ్గం దగ్గరికి వెళ్ళింది.

“ఏందిది? మళ్ళా మొదలుపెట్టినావా?”

ఓబుళేశు తల దించుకున్నాడు. తిమ్మమ్మ అడ్డం వచ్చింది.

“వాన్ని అనొద్దు. అన్నీ పారేసిన దినం ఒక అట్ట నేనే దాచినా. బిడ్డ అట్ల కాళ్ళు కొట్టుకుంటాంటే ఎట్ల చూసేది? సగం ముక్క మజ్జిగలో కలిపిస్తే ఏమైతాది?”

“ఇచ్చినావా అత్తా?”

“ఇంకా లే.”

స్వర్ణలతకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. “సగం ముక్కతోనే గదా మొదలైండేది! జలుబు మాత్ర గూడా అడక్కుండా వెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పలే? రక్తంలో ఇనుము తక్కువుండాదని మందిచ్చె, టీ తగ్గించమనె, నడవమనె. నడవనిచ్చినావా? నేసేవాడు వీధిలో పడుగు నూలుకు గంజి పట్టిస్తా నడిచేదేంది, నామోషీ అంటివి!”

“నిన్ననే చూసినామ్మా,” అన్నాడు ఓబుళేశు తల్లితో. “వక్క కోసం చెయ్యి పెడితే తగిలింది. అప్పట్నుంచి నా చెయ్యి నేనే పట్టుకోని ఉండా. మజ్జిగలో ఇచ్చింటే నాకు తెలీకుండానే మొదటికొస్తాంటి.”

అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిమ్మమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది.

“నీ కాళ్ళ కోసం గాదు నాయనా,” అంది. “చూడలేక, నా కండ్ల కోసం ఇద్దామనుకున్యా.”

బయట పక్కింటి బొజ్జన్న వీధి పొడవునా పడుగు నూలు సాచి, గంజి పట్టించేందుకు మనుషుల్ని కేకేస్తున్నాడు. తిమ్మమ్మ కోడలి చేతిలో ఉన్న అట్టను చూపింది. “డాక్టరమ్మకే ఇచ్చేయ్,” అని, మూలనున్న గంజి కుంచెలు రెండూ తీసుకుంది.

“లెయ్యి నాయనా. ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను.”

నూలు మీద కుంచె దువ్వుకుంటూ తల్లీకొడుకులు వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చారు. మూడో తిరుగుడుకు తిమ్మమ్మ మోకాళ్ళు పట్టేశాయి.

“నువ్వు కూర్చోమ్మా,” అన్నాడు ఓబుళేశు. “నాకిప్పుడు కొంచెం మేలుండాది.”

“నువ్వు నడిచినంతసేపూ నేనూ నడుస్తా,” అంది తల్లి.