ఎనిమిదో నెల

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది బిందు.

"అత్త ఫోన్ చేసింది. ఏదో టెస్టంట, తోడు మనిషి కావాలన్నారంట," అన్నాడు సుకుమార్. చంకలో హెల్మెట్, ఒంటికంటుకుపోయిన తడి చొక్కా.

"తోడు మనిషి మాట్లాడే మనిషై ఉండాలని చెప్పలేదా మా అమ్మ?"

అతను దానికి జవాబు చెప్పలేదు. ఆ రకంగా ఆమె మాటకి బలం చేకూర్చి, బెంచీ చివర కూర్చున్నాడు.

నెల్లూరులోని ఆ నర్సింగ్‌హోమ్‌లో ఆడవాళ్ల వార్డు ముందు బెంచీ చిన్నది, దాని మీద కూర్చున్న పొట్టలు పెద్దవి. మొగుడికీ పెళ్లానికీ మధ్య ఒక నిండు గర్భిణి, ఆమె తల్లి ఇరుక్కుని ఉన్నారు. ఆ తల్లి పొద్దుపోక సుకుమార్ వైపు తిరిగింది.

"ఎన్నో నెల అబయా?"

"ఎనిమిదండీ," అన్నాడు తడుముకోకుండా.

ఆవిడ బిందుని చూసింది. బిందు పొట్టని ఇంకాస్త శ్రద్ధగా చూసింది. "ఎనిమిదో నెలకి ఈ మాత్రం కూడా పొట్ట లేదే. సరిగ్గా తినిపిస్తా ఉండావా లేదా?"

సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. బిందుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె పుట్టింటికొచ్చి ఎనిమిది నెలలు. ఎన్నో నెల అని ఎవరైనా అడిగితే ఈ మనిషికి తెలిసిన నెలల లెక్క అదొక్కటే.

పాత రోజులైతే నవ్వి ఉండేది. నలుగురికీ చెప్పి నవ్వించేది కూడా.

సుకుమార్ మొదట్నుంచీ మూగమనిషి కాడు. పెళ్లైన కొత్తలో తోటపల్లి గూడూరు దగ్గర వాళ్ల రొయ్యల గుంట గట్టు మీద నడుస్తూ, మేత చల్లుతూ, రొయ్యలతో కూడా కబుర్లు చెప్పేవాడు. మొన్న ఫిబ్రవరిలో గుంటకి వైట్ స్పాట్ వైరస్ వచ్చింది. పెంకు మీద తెల్లమచ్చలతో రొయ్యలు గట్టు వారకొచ్చి నిలబడ్డాయి, చూస్తుండగానే గుంటంతా పోయింది. ఆ రోజునుంచీ అతను గట్టు మీద కూర్చోవడం, ఇంటికొచ్చి తినడం, పడుకోవడం. ఉప్పు మరిచిపోయి కూర వండి పెట్టినా మాట్లాడలేదు. అది ఆమె కావాలనే మరిచిపోయింది.

నెల రోజులు చూసి బ్యాగు సర్దుకుంది. "మా అమ్మ దగ్గరికి పోతున్నా."

"ఊఁ," అన్నాడు.

ఆ ఒక్క "ఊఁ"ని నెమరేసుకుంటూ ఆమె ఇన్ని నెలలు గడిపేసింది. ఈ మధ్య వాళ్లమ్మ బలవంతం మీద ఉచిత శిబిరంలో గర్భసంచి ముఖద్వారానికి చేసే స్మియర్ టెస్టు చేయించుకుంటే, ఫలితంలో తేడా ఉంది, కాల్పోస్కోపీ చేసి చూడాలన్నారు. ఫోన్లో వెతికితే ఇది వైరస్ వల్ల వస్తుందని, ఆలుమగల మధ్య ఒకరినుంచి ఒకరికి అంటుతుందని తేలింది. అది చదివాక సుకుమార్‌కి చెప్పకూడదని నిశ్చయించుకుంది. నెలల తరబడి నోరు విప్పని మొగుడు, విప్పి మొదట అడిగే మాట "ఎక్కణ్ణుంచి వచ్చింది?" అయితే ఆమె తట్టుకోలేదు.

లోపల్నుంచి సిస్టర్ పేరు పిలిచింది.

బల్ల మీద పడుకుని కాళ్లు రెండు వైపులా ఆనించాలి. సిగ్గు అనేది చెప్పులతోపాటు బయట వదిలి రావాల్సిన వస్తువని బిందుకి అర్థమైంది. కాల్పోస్కోప్ అంటే ఏ గొట్టమో లోపలికి పంపుతారని వారంగా హడలిపోయింది. తీరా చూస్తే అది స్టాండుకి బిగించిన పెద్ద బైనాక్యులర్. బయటే ఉండి చూస్తుందట. లోపలికి వెళ్లేది స్మియర్ అప్పుడు పెట్టిన పరికరమే, అంతే చల్లగా.

"ఇప్పుడు పలచటి వెనిగర్ లాంటిది పూస్తాను. కాస్త చురుక్కుమంటుంది. తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది," అంది డాక్టర్ వనజాక్షి.

"చేపల పచ్చట్లో వేసేదేనా మేడమ్?"

"దానికి చుట్టం. అదుగో, ఒకచోట తెల్లగా ఉంది. బియ్యపు గింజంత ముక్క తీస్తా. ఒకసారి దగ్గండి."

దగ్గింది. ఆ దగ్గులోనే ఎవరో గట్టిగా గిల్లినట్టైంది. తర్వాత పొత్తికడుపులో నెలసరి నొప్పి లాంటి నొప్పి. అంతే, అయిపోయింది. అంతా కలిపి ఒక టీవీ సీరియల్ ఎపిసోడంత కూడా పట్టలేదు.

"క్యాన్సరా మేడమ్?"

"ఇలాంటి స్మియర్ వచ్చినవాళ్లలో చాలామందికి కాదమ్మా. అటువైపు పోకుండా ముందే పట్టుకోవడానికే ఇదంతా. రిపోర్టుకి రెండు వారాలు పడుతుంది. ఈలోపు ఫోన్లో ఏమీ చదవకండి."

ఆ తర్వాత సుకుమార్‌ని కూడా లోపలికి పిలిచింది డాక్టర్. "కొన్నాళ్లు కొద్దిగా రక్తం కనపడుతుంది, రక్తం ఆగడానికి పూసిన మందు ముదురు రంగులో దిగుతుంది. కంగారు పడొద్దు. రక్తం మరీ ఎక్కువ పోయినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురండి. ఒక వారం మీరిద్దరూ దూరంగా ఉండాలి."

"అలవాటే మేడమ్," అంది బిందు.

సుకుమార్ నేల చూపులు చూశాడు. డాక్టర్ నవ్వు ఆపుకుని చెప్పుకుపోయింది. "ఇది ఒక వైరస్ వల్ల వచ్చే మార్పు. మందు పూసినప్పుడు తెల్లమచ్చ కనపడింది కాబట్టి..."

"వైరసా? తెల్లమచ్చా?" అన్నాడు. మొహంలో రక్తం లేదు. లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

తెలిసిందే అనుకుంది బిందు. అడగడానికి కూడా నోరు రాలేదు అనుకుంది. డాక్టర్ చెప్పిన మిగతాదంతా విని, బయటికొచ్చి వీలైనంత నెమ్మదిగా చెప్పులు తొడుక్కుంది.

అతను మెట్ల దగ్గర, కిటికీ ఊచలు పట్టుకుని, వాన చూస్తూ నిలబడి ఉన్నాడు.

"అడుగు," అంది.

"ఏంది అడిగేది?"

"ఎక్కణ్ణుంచి అంటిందని. ఎవరి దగ్గర్నుంచి అని."

అతను వెర్రిగా చూశాడు. "తెల్లమచ్చ వచ్చినాక అదంతా ఎవురికి కావాల? ముందురోజు దాకా బాగా మేత తింటాయి. తెల్లారేసరికి గట్టుకొచ్చి నిలబడతాయి. ఇంక ఏం మందేసినా లాభం లా, చూస్తా కూర్చోవాల్సిందే. డాక్టరమ్మ అంత నిమ్మళంగా చెప్తా ఉంటే నేను వినలేకపోయినా బిందూ."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపు కలుక్కుమంది. కళ్లలో నీళ్లు దేనివల్ల వచ్చాయో తేల్చుకోలేదు.

"నేను రొయ్యనా బావా?"

అతను మాట్లాడలేదు. ఈసారి ఆమె ఆ మౌనాన్ని దాని మానాన వదల్లేదు. మందు పూస్తే తెల్లబడటం జబ్బు పేరు కాదని, ఎక్కడ చూడాలో చూపించే గుర్తని, ఒకవేళ తేడా తేలినా ఈ దశలో వైద్యం ఉందని, డాక్టర్ చెప్పినదంతా వరసగా చెప్పింది. చిన్న పిల్లాడికి చెప్పినట్టు రెండోసారి కూడా చెప్పింది.

"మరి ఎక్కణ్ణుంచి వచ్చిందని నిజంగానే అడగవా?"

"గుంటలోకి వైరస్ ఎట్టా వస్తదో ఎవురికి తెలుసు? నీళ్లలో వస్తది, సీడు రొయ్యపిల్లల్లో వస్తది, కొంగ కాలికి అంటుకోని వస్తది. ఎవుర్ని పట్టుకోని అడగతాం?"

"డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, ఒక్క కొంగ తప్ప. ఎన్నేళ్ల కిందటిదో, ఎవరినుంచి ఎవరికో చెప్పలేమంది."

అతను ఊచలు వదిలి ఆమె వైపు తిరిగాడు. "నాకు భయమేస్తా ఉండాది," అన్నాడు. "అప్పుడు గుంట పోయినప్పుడూ ఇట్నే. నీకు చెప్తే నువ్వు కూడా భయపడతావని చెప్పలా."

ఆరేళ్ల కాపరంలో భయమనే మాట అతని నోట వినడం అదే మొదలు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అని పెళ్లైన కొత్తలో చాలాసార్లు అన్నాడు. అది ఇంత ఖరీదుగా అనిపించలేదు.

కింద ఆటో పిలిచాడు. ఆమెని జాగ్రత్తగా ఎక్కించి, బైక్ అక్కడే వదిలేసి పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడికక్కా?" అన్నాడు ఆటోవాడు.

బిందు సుకుమార్ వైపు చూసింది.

"మూలాపేట, అత్త వాళ్లింటికి," అన్నాడు సుకుమార్. తర్వాత ఆమెతో, "రిపోర్టు వచ్చేదాకా నేనూ ఆడే ఉంటా. పొద్దున్నే గుంట కాడికి పోయొస్తా."

"నిన్నెవరు ఉండమన్నారు?"

"ఎవురూ అన్లా. నేనే చెప్తా ఉండా."

వాన జల్లు ఆటో లోపలికి కొడుతుంటే అతను అటువైపుకి జరిగి అడ్డం కూర్చున్నాడు. ఆమె అతని తడి భుజం వంక చూసింది. అతను చెప్పలేదు, నిజమే. తను మాత్రం అడిగిందా? ఉప్పు తగ్గించి చూసింది, బ్యాగు సర్ది చూసింది, ఫోన్ మోగుతుందేమోనని వేసవంతా చూసింది. పక్కన కూర్చుని అడగడం ఒక్కటే చేయలేదు. అందులో అతనిదెంత, తనదెంత అని ఇప్పుడు పంచుకున్నా పోయిన వేసవి తిరిగిరాదు.

"గట్టు మీద కూర్చుని రోజంతా ఏం ఆలోచించేవాడివి బావా?" అంది.

అతను ఆమె వైపు తిరిగాడు. "మొదట్నుంచీ చెప్పనా?"

"చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాడు. మూలాపేట అక్కడికి ఎంతో దూరం లేదు. నెల్లూరు ఇంకాస్త పెద్ద ఊరైతే ఎంత బాగుండేదనిపించింది బిందుకి.