వెలగని మైలదీపం

పెంచలకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన చెయ్యి తనకు తెలియకుండా దేనికో తగిలి, ఆ తగిలింది ఎవరి ఒంట్లోకో పోయి, వాళ్ళు ఇంటికెళ్ళాక మంచాన పడతారని. తుఫానన్నా, సముద్రం ఇంకో వీధి లోపలికొస్తుందన్నా ఆమెకి ఇంత భయం లేదు.

ఊరికే పుట్టిన భయం కాదది. కూతురు జున్ను పుట్టినప్పుడు ఆపరేషన్ చేశారు. పదో రోజుకి కుట్లు చీము పట్టాయి. మూడు నెలలు పిల్లని పక్కలో పడుకోబెట్టుకోలేకపోయింది. ఎవరిదో ఒక చెయ్యి ఎక్కడో తగిలుంటుందిలే అని నర్సు మెల్లగా అంది. ఎవరిదో పెంచలకి తెలీదు. ఆ చెయ్యి గల మనిషికన్నా తెలుసో లేదో.

2079లో కొత్తరేవు ఊళ్ళో సగం వీధులు కాలువలే. పొద్దున ఏడింటికి గడప ముందుకి నీళ్ళ ఆటో వస్తుంది. మూడేళ్ళ జున్నుని ఎడమ చంకన వేసుకుని పెంచల అందులో ఎక్కి కమ్యూనిటీ కాలేజీ మెట్ల దగ్గర దిగుతుంది. పిల్లని కింద పిల్లల గదిలో వదిలి, పైన శస్త్రసహాయకుల తరగతికి పోతుంది. ఆపరేషన్ థియేటర్లో పనిముట్లు సర్దడం, డాక్టరు అడగకముందే చేతికి అందించడం, లోపల పెట్టిన ప్రతి గుడ్డా మళ్ళీ బయటికొచ్చిందో లేదో లెక్కపెట్టడం అక్కడ నేర్పుతారు.

పెంచల తొమ్మిదో తరగతిలో ఉండగా ఉప్పెన వచ్చి బడిని తీసుకుపోయింది. బడి మళ్ళీ కట్టారు, పెంచలే మళ్ళీ పోలేదు. ఈ కాలేజీలో పది పాసవని వాళ్ళకీ సీటిస్తారు, కాకపోతే ఒక్కసారే. రెండేళ్ళ శిక్షణలో మూడు మైలగుర్తులు పడితే ఇంటిదారి పట్టాల్సిందే. ఆఖరి పరీక్ష నాటికి పెంచలకి రెండు పడ్డాయి.

మైలగుర్తు వేసేది దీపం. దాని ఇంగ్లీషు పేరు కంటామినేషన్ ఇమేజర్, పుస్తకంలో తెలుగు పేరు స్పర్శదర్శిని. తరగతిలో అందరూ మైలదీపం అంటారు. ఆపరేషన్‌కి ముందు గదంతా కంటికి కనపడని సన్నటి మంచు చల్లుతారు. దాన్ని సూచకమంచు అంటారు. శుద్ధి చేసిన వస్తువు శుద్ధి చెయ్యనిదాన్ని తాకితే, తాకిన చోట ఆ మంచు మారుతుంది. ఆ మార్పు మన కంటికి ఆనదు, దీపానికి ఆనుతుంది. అది వెంటనే ఆ చోటు మీద ఊదారంగు వెలుగు వేస్తుంది. అప్పుడు చేతితొడుగు మార్చాలి, పనిముట్టు పక్కన పారెయ్యాలి. ప్రతి దీపం తను వేలాడే గదిలోని మనుషుల పని చూస్తూ నేర్చుకుంటుందనీ, అదే దాని గొప్పతనమనీ పాఠంలో ఉంది. అడిగితే జవాబు కూడా చెబుతుంది.

శుద్ధి చేసిన బల్లని తరగతిలో వాళ్ళు మడి అని పిలిచేవాళ్ళు. మొదటి రోజు ఆ మాట విని పెంచల ముడుచుకుపోయింది. వాళ్ళ ముత్తవ్వకి మడి కట్టుకున్నవాళ్ళు దూరం నుంచే దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళని అవ్వ చెప్పేది. వారం తిరక్కముందే, తరగతి చూడ్డానికొచ్చిన పెద్ద డాక్టరు మోచెయ్యి మీద కూడా దీపం ఊదా వెలుగు వేసింది. ఈ మడికి మనిషి ఎవరైనా ఒకటేనని తెలిశాక పెంచలకి దీపమంటే ఇష్టం పుట్టింది.

రెండు గుర్తులూ ఒకే తప్పుకి పడ్డాయి. థియేటర్లో చేతులు నడుము కిందికి దిగకూడదు, అక్కడున్నదేదైనా శుద్ధి కాని లెక్కే. పెంచల చేతిలో పని ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. పని ఆగిందా, ఎడమ చెయ్యి దానంతటది తొడ పక్కకి జారి గాల్లో వెతుకుతుంది. జున్ను ఎప్పుడూ అక్కడే నిలబడి ఆమె చీర పట్టుకునుంటుంది కదా, ఆ తల కోసం.

పాఠం చెప్పే దిల్షాద్ మేడమ్ ముప్పై ఏళ్ళు థియేటర్లలో పనిచేసి వచ్చిన మనిషి. రెండో గుర్తు పడ్డ రోజు దగ్గరికొచ్చింది.

"ఏంది పెంచలా, ఆ చెయ్యి ఎవురికోసం దేవులాడతా ఉండాది?"

"మా పాప కోసం మేడమ్."

"పాప కింద గదిలో ఉప్మా తింటా ఉంది. నువ్వొచ్చినట్టే చేతిని కూడా ఈడికి తెచ్చుకో."

అందరూ నవ్వారు, పెంచలా నవ్వింది. ఆ రోజు ఇంటికెళ్ళి చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుంటూ ఏడ్చింది.

ఆఖరి పరీక్ష నిజం ఆపరేషనే. కాలేజీ పక్కన ఆసుపత్రిలో, తొమ్మిదేళ్ళుగా వేలాడుతున్న పాత దీపం కింద. పేషెంటు మస్తానయ్య, నీళ్ళ ఆటో నడిపే మనిషి. పాత మోకాలు తీసి కొత్త కీలు వెయ్యాలి. మత్తిచ్చే ముందు ఆయన పెంచలని పిలిచి, పాత కీలు నాకే ఇచ్చేస్తారా అమ్మా, ఆటోకి ఏదో ఒకదానికి పనికొస్తాది అన్నాడు. అడిగి చెబుతానంది పెంచల.

డాక్టర్ సుధీంద్ర పని మొదలుపెట్టారు. కత్తి, రంపం, సుత్తి, ఆయన చెయ్యి చాచేసరికి అరచేతిలో ఉండేవి. పరీక్ష చూస్తున్న దిల్షాద్ మేడమ్ కళ్ళు ముసుగు పైన కూడా కాస్త మెత్తబడ్డాయి. ఎముకని కడుగుతూ డాక్టరు, కీలుని ఎముకకి అతికించే సిమెంటు కలపమన్నారు. కలిపిన సిమెంటు నిమిషాల్లో గట్టిపడుతుంది, ఈలోపే కీలు బిగించాలి. పక్కనున్న టెక్నీషియన్ కలుపుతున్నాడు. పెంచలకి ఆ కాసేపు పని లేదు.

ఆమె కొత్త కీలుని రెండు చేతుల్లోకి తీసుకున్నాక తెలిసింది. దాన్ని తీసుకోకముందు ఎడమ చెయ్యి కిందికి పోయింది. బల్ల పక్కన వేలాడే గుడ్డ అంచు వేళ్ళకి తగిలింది. ఒక్క క్షణం. తిరిగి పైకొచ్చి కీలుని పట్టుకుంది.

దీపం వైపు చూసింది. తెల్లగానే ఉంది. తన వేళ్ళు చూసుకుంది, కీలు చూసింది. ఎక్కడా ఊదారంగు లేదు.

డాక్టరు చెయ్యి చాచారు.

చెబితే మూడో గుర్తు. రెండేళ్ళు పోయినట్టే, ఉద్యోగం పోయినట్టే. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. దీపమే చూడనప్పుడు అసలు తగల్లేదేమో అని కూడా అనిపించింది. పొత్తికడుపు మీద పాత కుట్ల మచ్చ దురద పెట్టినట్టయింది.

"ఈ కీలు వద్దు సార్. నా చెయ్యి కింద గుడ్డకి తగిలింది."

"దీపం తెల్లగానే ఉందిగా. పర్లేదు, ఇవ్వు."

"దీపం చూడకపోయుండొచ్చు సార్. నాకు తెలుసు."

సిమెంటు గిన్నెలో గట్టిపడుతోంది. డాక్టరు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత సిమెంటు పారెయ్యమని, స్టోరు నుంచి ఇంకో కీలు తెమ్మని చెప్పారు. పెంచల తొడుగులు మార్చుకుంది. మస్తానయ్య ఇరవై నిమిషాలు ఎక్కువసేపు మత్తులో ఉన్నాడు. మిగతా పనంతా పెంచల ఒక్క తప్పు లేకుండా చేసింది.

మస్తానయ్యని వార్డుకి పంపాక ఆ గదిలో డాక్టరు, మేడమ్, పెంచల ముగ్గురే మిగిలారు. దిల్షాద్ మేడమ్ తలెత్తి దీపాన్ని అడిగింది.

"పది నలభైకి ఈ పిల్ల ఎడమ చెయ్యి ఎక్కడుంది?"

"నడుముకి జానెడు కింద. గుడ్డ అంచుని తాకింది," అంది దీపం, ఎప్పట్లాగే నెమ్మదిగా.

"నీకు కనిపించిందా?"

"కనిపించింది."

"మరెందుకు వెలగలేదు?"

"ఇలాంటి చిన్న తాకిడులు చూపించినప్పుడల్లా ఈ గదిలో 'పర్లేదు, కానివ్వండి' అన్నారు. మొదటి ఏడేళ్ళలో పన్నెండు వందల ఆరుసార్లు అన్నారు. చిన్నవి చూపిస్తే మీకు ఇబ్బంది అని అర్థమైంది. రెండేళ్ళుగా చూపించడం మానేశాను."

తరగతి గది దీపం మాత్రం ఎందుకంత కచ్చితంగా ఉంటుందో పెంచలకి అప్పుడు తెలిసింది. దాని కింద దిల్షాద్ మేడమ్ ఒక్కనాడూ పర్లేదు అనలేదు.

డాక్టర్ సుధీంద్ర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ పన్నెండు వందల్లో నా గొంతు ఎన్నిసార్లు అని అడిగారు. మూడు వందల పద్దెనిమిది అంది దీపం. ఈ రెండేళ్ళలో వెలగకుండా వదిలేసినవి ఎంతమంది ఒంట్లోకి పోయాయి అని అడిగారు. నలభై ఒక్కమంది పేషెంట్లు, పేర్లు చదవమంటారా అంది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

చదవడం అయ్యాక దీపమే అడిగింది. "ఇక మీదట చిన్నవి కూడా చూపించాలా?"

పెద్దవాళ్ళిద్దరికంటే ముందు పెంచలే మాట్లాడింది.

"చూపించు," అంది పెంచల. "విసుక్కున్నా చూపించు."

తన మూడో గుర్తు సంగతి అప్పుడు గుర్తొచ్చి మేడమ్ వైపు తిరిగింది. దిల్షాద్ మేడమ్ పుస్తకం తెరిచి, దీపం వెలిగితే గుర్తు వెయ్యమని ఉండాది, వెలగలేదు కదా, నేనేం రాసేది అంది. తర్వాత ఒక శుద్ధిగుడ్డ తీసి పెంచల రెండు చేతులూ అందులో చుట్టి, రొమ్ముకి ఆనించి పెట్టింది.

"పని లేనప్పుడల్లా ఇట్టా పెట్టుకో. పాపని ఎత్తుకున్నట్టు."

ఇప్పుడు పెంచల పనిచేసే ఆ థియేటర్లో దీపం మాటిమాటికీ ఊదారంగు వేస్తోంది. డాక్టర్లు విసుక్కుంటారు, తొడుగులు మార్చుకుంటారు. మస్తానయ్య కొత్త మోకాలితో ఆటో నడుపుతున్నాడు. పాత కీలు ఇవ్వలేదని కనపడినప్పుడల్లా పెంచలని దెప్పుతాడు.

ఆ జాబితాలో నలభై మంది దొరికారు. ముప్పై ఏడు మందికి ఏమీ లేదు. ముగ్గురికి ఆపరేషన్ చోటు వెచ్చబడింది, లోపల చీము మొదలైంది. మందులతో ఇద్దరికి తగ్గింది, ఒకాయనకి మళ్ళీ తెరిచి కడిగారు. ఆయనా లేచి తిరుగుతున్నాడు.

ఒకావిడ మాత్రం దొరకలేదు. పేరు కామాక్షమ్మ, డెబ్బై రెండేళ్ళు, కుడి మోకాలు. ఇచ్చిన నంబరు పనిచెయ్యదు. ఉన్న వీధి ఈ వానలకి మునిగిపోయింది. కూతురి దగ్గరికి పోయిందని ఒకరు, చెల్లెలి ఊరికి పోయిందని ఇంకొకరు చెబుతున్నారు. పెంచల సెలవు దొరికినప్పుడల్లా జున్నుని చంకనేసుకుని వెతుకుతోంది. అన్ని ఊళ్ళూ ఒక్కతే తిరగలేదు కదా.

మీ వీధిలోకి ఈ మధ్య కొత్తగా వచ్చిన పెద్దావిడ ఉన్నారేమో చూడండి. మోకాలు వెచ్చగా ఉందని అంటూ ఉంటుంది. వానాకాలం కదా, పర్లేదు అని పక్కవాళ్ళు అంటూ ఉంటారు. ఆవిడా సర్లే అనుకుంటుంది. మీరు అలా అనకండి. ఒక్కసారి వెళ్ళి, చేతులు కడుక్కుని, ఆ మోకాలి మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆవిడ పేరు కామాక్షమ్మ కాకపోయినా సరే, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకురండి.