సన్యాసి నోరు విప్పిన ఆదివారం

రండి, రండి, ముందుకు జరిగి కూర్చోండి. వెనకాల గుసగుసలాడుతున్న ఆ ఇద్దరూ, మీ ముచ్చట్లు మడిచి జేబులో పెట్టుకోండి. ఫోన్లు కూడా. ఇది గొంతుల కథ, కాబట్టి ముందు మీ గొంతులు ఆపండి. నేను చెప్పేదాంట్లో ఒక్క అబద్ధముంటే నా నాలుక మెలికపడిపోవాలి. ఆపారా? సరే.

టైర్ల కొట్టు పైన, మూడో అంతస్తులో ఒక డబ్బింగ్ స్టూడియో ఉండేది. పేరుకే స్టూడియో, నిజానికి అగ్గిపెట్టె. గోడలనిండా స్పాంజి. తలుపు మూస్తే మన గుండె మనకే డప్పులా వినపడుతుంది.

అక్కడ ఒక యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియల్‌కి మన భాషలో గొంతులు పెట్టేవాళ్ళు. అందులో హీరో ఒక యోధ సన్యాసి. తలుపంత భుజాలు, చేతిలో ఇనప దండం. మంత్రం చదివి దండం నేలకేసి కొట్టాడంటే కొండ రెండు ముక్కలు. కానీ ఆయనకో నియమం ఉంది. నోరు విప్పి "నాకిది కావాలి" అనకూడదు. అన్నాడా, మంత్రం పోతుంది, దండం ఉత్త కర్ర అయిపోతుంది. అందుకని దాహమేసినా అడగడు, ముల్లు గుచ్చుకున్నా అనడు. ఆ దండం కొట్టేద్దామని వెంటపడి, దండం సంగతి మరిచి ఆయన్నే చూస్తూ తిరిగే దొంగపిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లతోనూ ఏమీ అనడు.

సన్యాసి గొంతు ఒక ఫ్యాన్ల మెకానిక్‌ది. ఆ గొంతు సంగతి చెప్తే నమ్మరు. ఒకసారి కిటికీ తెరిచి "ఆగు!" అని రిహార్సల్ చేస్తే, కింద బస్సు ఆగింది. కండక్టర్ ఆవులింత సగంలో ఆగింది. ఎదురు మేడ మీద ఏడుస్తున్న చంటిపిల్ల ఏడుపాపి ఇటు చూసింది.

దొంగపిల్ల గొంతు ఒక అమ్మాయిది. మధ్యాహ్నం నుంచి అమ్మమ్మని చూసుకోవాలి కాబట్టి పొద్దున్నే వచ్చి డైలాగులు చెప్పి వెళ్ళిపోయేది. అందుకే అందరూ పొద్దుటమ్మాయి అనేవారు. మెకానిక్ కొట్టు కట్టేసి సాయంత్రం వచ్చేవాడు. అదే మైకు, అవే హెడ్‌ఫోన్లు. మనుషులు మాత్రం ఎప్పుడూ ఎదురుపడలేదు. పొద్దున ఆమె చెప్పింది సాయంత్రం ఇతని చెవిలో, సాయంత్రం ఇతను చెప్పింది మర్నాడు ఆమె చెవిలో.

మధ్యలో సౌండ్ చూసే కత్తెర బాబాయ్. డైలాగుకి ముందూ వెనకా మిగిలిన దగ్గులూ తుమ్ములూ కత్తిరించి పారేయడం ఆయన పని.

మొదలైంది గొడవతోనే. మూడో ఎపిసోడ్ అప్పుడు, ఒక సాయంత్రం హెడ్‌ఫోన్లో దొంగపిల్ల డైలాగ్ అయిపోయాక, మామూలు గొంతొకటి వినిపించింది.

"బాబాయ్, ఆ సన్యాసి గారితో చెప్పండి. నేను ఏడుస్తుంటే ఆయన తాపీగా గొంతు సవరించుకున్నారు. అది సన్యాసమా, జలుబా?"

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. తన డైలాగ్ అయ్యాక అతనూ అంటించాడు. "దొంగగారితో చెప్పండి బాబాయ్. ఆవిడ ఏడుపు వింటే మా కొట్లో పాత ఫ్యాను గుర్తొచ్చింది. అందుకే."

మర్నాడు సాయంత్రం జవాబు. "ఓహో, ఫ్యాన్లు బాగుచేస్తారా? మా ఇంట్లో ఒకటుంది. గాలి తప్ప అన్నీ వస్తాయి."

"చప్పుడెలా ఉంటుంది?"

ఆ మర్నాడు ఆమె మైకు ముందు నిలబడి నిమిషంపాటు ఫ్యానులా మోగింది. టకటక, కుయ్, మళ్ళీ టకటక. మెకానిక్ కళ్ళు మూసుకుని విని, "రెక్క స్క్రూ వదులైంది, లోపల నూనె ఎండిపోయింది" అన్నాడు. రెండో రోజుకి, "తిరుగుతోంది! మీరు సన్యాసి కాదండీ, దేవుడు!" అని వచ్చింది.

అలా రోజుకో మాట. ఈ సాయంత్రం అడిగితే జవాబు రేపు సాయంత్రం. మధ్యలో ఇరవై నాలుగ్గంటలు. ఆ గంటల్లో మెకానిక్ ఎన్ని ఫ్యాన్లకి రెక్కలు తలకిందులుగా బిగించాడో! ఒకాయన ఇంట్లో స్విచ్ వేస్తే మంచంతో సహా మనిషి పైకి లేచి కప్పుకి అంటుకున్నాడు. నేను చూశాను.

"ఒరేయ్, సీరియల్ కన్నా నేను కోసి పారేసిందే ఎక్కువుందిరా" అనేవాడు బాబాయ్.

ఒక రోజు డైలాగులేమీ లేవు. ఆమె గొంతు మెల్లగా వచ్చింది. "ఇవాళ వాన చప్పుడుకి రికార్డింగ్ ఆపేశారు. నువ్వొచ్చేసరికి తగ్గిపోతుందేమో. అందుకని కిటికీ దగ్గర మైకు పెట్టి నీకోసం కొంచెం వాన పట్టాను. విను."

బయట ఎండ విరగకాస్తోంది. మెకానిక్ హెడ్‌ఫోన్లో తడిసి ముద్దయ్యాడు. ఎనిమిదిసార్లు విన్నాడు. అందులో వానకన్నా ఎక్కువసార్లు విన్నది ఆ "నువ్వు".

ఇంకొన్నాళ్ళకి ఆమె అడిగింది. "నీ గొంతు వింటే ఆరడుగులుంటావనిపిస్తుంది. ఉంటావా?"

మెకానిక్ ఐదడుగుల ఒక అంగుళం. అదీ చెప్పులతో.

"ఆరడుగుల రెండంగుళాలు" అనేశాడు. నోరు జారింది.

"అయితే చూడాల్సిందే. ఆదివారం కలుద్దామా?"

ఇరవై నాలుగ్గంటలు ఆలోచించి చెప్పాడు. "సన్యాసులు ఆడవాళ్ళని కలవకూడదు."

"జోకా?"

"నియమం."

మర్నాడు ఆమె గొంతు చల్లగా ఉంది. "మంచిది. నియమం బాగా పాటించండి, సన్యాసి గారూ."

మళ్ళీ "అండీ"లోకి వెళ్ళిపోయింది.

తర్వాత పన్నెండు రోజులు శుభ్రమైన ట్రాకులు. డైలాగ్ అయిపోతే అయిపోయినట్టే. మెకానిక్ ఆ ఖాళీనే వింటూ నిలబడేవాడు. డైలాగ్‌కి ముందు ఆమె ఊపిరి తీసుకునే చప్పుడొక్కటి మిగిలింది.

"ఆ ఊపిరి కొయ్యకు బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఊపిరి ఏం చేసుకుంటావురా?"

"వింటా."

చివరి ఎపిసోడ్ రోజున బాబాయ్ అతని మొహం చూడకుండా చెప్పాడు. "పొద్దుటమ్మాయి పని ఇవాళ్టితో అయిపోయింది. రైల్వేలో అనౌన్సర్ ఉద్యోగం వచ్చిందట. ఆదివారం మధ్యాహ్నం బండికి అమ్మమ్మని తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోతోంది."

"నాకేమైనా చెప్పిందా?"

"డైలాగులు చెప్పింది."

ఆ ఎపిసోడ్‌లో దొంగపిల్ల పడవెక్కి వెళ్ళిపోతుంటే, మంత్రం పోతే పోయిందని సన్యాసి నోరు విప్పుతాడు. "నువ్వు కావాలి" అంటాడు. రెండే మాటలు. మెకానిక్ ముప్పైసార్లు చెప్పాడు. ఒకసారి ఎక్కిళ్ళు, ఒకసారి ఏడుపు, ఒకసారి గాలి మాత్రమే. ముప్పై ఒకటోసారి చెప్పేసరికి గోడల స్పాంజి చెమర్చింది. తెర మీద సన్యాసి పోయి సముద్రం వచ్చింది. మెకానిక్ ఆగలేదు.

"ఇదిగో, పొద్దుటమ్మాయ్. నేను ఐదడుగుల ఒక అంగుళం. నన్ను చూసి ఇంతేనా అంటావని భయపడ్డాను. నియమం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆదివారం పొద్దున పదింటికి స్టూడియో మెట్ల మీద కూర్చుంటా. నువ్వు రావు. అయినా కూర్చుంటా."

"ఆమె ఇంక హెడ్‌ఫోన్లు పెట్టదు కదరా" అన్నాడు బాబాయ్. "ఇదెవరు వింటారు?"

"ఎవరూ వినరు. కోసెయ్యి."

బాబాయ్ కోయబోయాడు. ఏడాదిగా ఎంత కోశాడో గుర్తొచ్చింది. చెయ్యి ఆడలేదు.

శనివారం సాయంత్రం టీవీలున్న ప్రతి ఇంట్లో, అలల మీదుగా, ఇనప గొంతొకటి తన ఎత్తు చెప్పింది.

ఆ ఎపిసోడ్ చూసే ధైర్యం లేనివాడు మెకానిక్ ఒక్కడే. ఆదివారం వీధి మలుపు తిరిగి గుడ్లు తేలేశాడు. ఇసకేస్తే రాలనంత జనం. ముసలమ్మలు కుర్చీలతో వచ్చారు. టైర్ల కొట్టాయన టైర్లు పరిచి అందరినీ కూర్చోబెట్టాడు.

"కొంచెం జరగండి, నేను మెట్ల దగ్గరికెళ్ళాలి."

"సందు లేదయ్యా. సన్యాసి గారొస్తున్నారు."

"నేనేనండీ సన్యాసిని."

"ఆహా, నువ్వు సన్యాసివైతే నేను సముద్రాన్ని! జరుగు, జరుగు."

పది దాటింది. పదీపావు. మునివేళ్ళ మీద లేచినా ముందువాళ్ళ వీపులే. ఆమె వచ్చి ఖాళీ మెట్లు చూసి వెళ్ళిపోతే? ఇంకేం చేస్తాడు? ఉన్నది గొంతొక్కటే.

"దారి!"

పావురాలు లేచిపోయాయి. మూసిన షట్టర్లు వాటంతటవే పైకెళ్ళాయి. జనం మధ్యకి చీలిపోయారు. చివర, మూడో మెట్టు మీద, కాళ్ళ దగ్గర సూట్‌కేసుతో ఒకమ్మాయి. పక్కన ఒక ముసలావిడ.

"పావుగంట ఆలస్యం" అంది.

ఆ గొంతు హెడ్‌ఫోన్లు లేకుండా వినడం అదే మొదలు. మెకానిక్ చెవులు తడుముకున్నాడు.

"ఆరడుగుల రెండంగుళాలా?"

"కాదు."

"తెలుసులే. మైకు కింద నువ్వు ఎక్కి నిలబడే చెక్కపెట్టె రోజూ పొద్దున్నే పక్కకి జరిపేదెవరనుకున్నావ్?"

"తెలిసీ అడిగావా?"

"నిజం చెప్తావేమోనని అడిగా. చెప్పుంటే ఆ ఆదివారమే వచ్చేదాన్ని. పన్నెండు రోజులు పాడుచేశావ్."

ముసలావిడ చెయ్యి చాపింది. "నాకు చూపు ఆనదు నాయనా, నీ ఎత్తుతో నాకేం పని? ఏదో ఒకటి మాట్లాడు."

"మీ మనవరాలు వెళ్ళిపోతే నాకు సాయంత్రాలుండవు అమ్మమ్మా."

ఆవిడ చెవి అతని వైపు తిప్పి వింది. "ఊఁ. పిల్లాడు బాగున్నాడే."

పొద్దుటమ్మాయి నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. "ఉద్యోగం మానను. మూడు నెలలు ట్రైనింగ్, తర్వాత ఎక్కడేస్తారో తెలీదు. ఆగుతావా?"

"ఒక్కో మాటకి ఇరవై నాలుగ్గంటలు ఆగినవాణ్ణి. రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యి చాలు. ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు."

"మాట్లాడకుండా ఏం చెయ్యను?"

"ఊపిరి తీసుకో."

వీధి వీధంతా ముక్కులు ఎగబీల్చింది. ఆమె లేచి సూట్‌కేసు అతని చేతికిచ్చింది. వేళ్ళు మాత్రం కాస్త ఎక్కువసేపే అతని చేతిలో ఉంచింది.

సరిగ్గా అప్పుడు, అదే మేడ రెండో అంతస్తులో ఉన్న పళ్ళ డాక్టరు కోసం వచ్చి పొద్దున్నుంచీ ఆ జనంలో ఇరుక్కున్న పెద్దమనిషి ఒకడు, దవడ పట్టుకుని ముందుకు తోసుకొచ్చాడు. మెకానిక్ ఎదుట గుప్పిట విప్పాడు. అందులో ఒక పన్ను.

"డాక్టరు గారూ, మీ అరుపుకి ఇది ఊడొచ్చేసింది, హాయిగా ఉంది. పక్కది కూడా కదుల్తోంది. ఇప్పుడే ఇంకోసారి అరుస్తారా, రేపు పరగడుపున రమ్మంటారా?"