నల్లమద్ది మలుపులో క్యారియర్ పట్టి గుంజేది

ఇల్లందు గుట్టల్లో నల్లమద్ది మలుపు మంచిది కాదు. ఎనభైల్లో, చీకటి పడ్డాక అక్కడ సైకిల్ దిగనివాడు లేడు. దిగి, నడిపించుకుంటూ, వెనక్కి చూడకుండా దాటేవారు. తొక్కుకుంటూ పోతే... ఎవరో వెనక నుంచి క్యారియర్ పట్టి లోయవైపు గుంజుతారని!

నేను చూడలేదు. విన్నదే చెబుతున్నాను. ఎవరి నోట విన్నానో చివర్లో చెబుతాను.

ఆ బాట వేసింది సారంగపాణి. బొగ్గుబాయిలో పనివాడే కానీ, ప్రాణమంతా సైకిల్ బాటల మీదే. బస్సు దారిన చుట్టూ తిరిగిపోయే కార్మికుల కోసం అడవిలోంచి అడ్డదారులు తీసేవాడు. బిందెడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతాయో చూసి, సున్నంతో గీత గీసేవాడు. అతని బాటలో ఎంత వాలులో దిగినా బ్రేకు పట్టే పని ఉండదని పేరు. ఆ పేరు విని అటవీశాఖ రేంజరొకాయన, అప్పుడు వేస్తున్న ఈ గుట్ట బాట చూసి నచ్చితే భద్రాచలం అడవుల్లో బాటలు వేసే ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. బాయిలోంచి బయటపడి ఎండలో బతకొచ్చని సారంగపాణి ఆశ.

ఆ తొందరలో ఒక్క మలుపు దగ్గర నీళ్లు పోసి చూడలేదు.

తొలి వానకే మలుపు లోయవైపు వాలింది. పక్కింటి ఎల్లస్వామి అక్కడే పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానా మంచం మీంచి, "ఎవరో ఎనకకెల్లి గుంజినట్టయింది," అన్నాడు.

గుంజిందేమిటో సారంగపాణికి తెలుసు. వాలిన నేల మీద వెనక చక్రం జారితే అట్లాగే ఉంటుంది. కానీ తప్పు బాటదని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. అందుకని... "ఆడ ఏందో ఉన్నదే అన్నా," అన్నాడు. పైగా మద్దిచెట్టుకు నిమ్మకాయలు కూడా కట్టి వచ్చాడు, మహానుభావుడు.

ఇక చూడండి. నెల తిరక్కుండానే దెయ్యం నిజంగా కనపడటం మొదలైంది. మలుపులో మినుకు మినుకుమంటూ దీపం... ఠంగ్... ఠంగ్... అని రాతి మీద ఇనుము మోత. నల్లగా, వంగి ఉన్న ఆకారం. చూసినవాళ్లు ఒకరు కాదు.

అందరికంటే ఎక్కువ వణికింది సారంగపాణే. తను చెప్పింది లేనిదాని గురించి కదా... మరి ఈ ఉన్నదెవరు?

ఒక రాత్రి బాయిలో ఏదో చెడిపోయి, షిఫ్టు మధ్యలోనే అందరినీ ఇంటికి పంపేశారు. తోటివాళ్లు బస్సు దారి పట్టారు. నీ బాటంటే నీకే భయమా అని నవ్వుతారని, ఇతనొక్కడే గుట్ట ఎక్కాడు.

మలుపు దగ్గర... దీపం.

ఠంగ్... ఠంగ్... ఆగింది.

సైకిల్ చేతుల్లోంచి జారిపడింది. గొంగడి కప్పుకున్న ఆకారం మెల్లగా లేచి, ఇటు తిరిగి, ముసుగు తీసింది—

అనంతమ్మ. అతని భార్య.

చేతిలో గడ్డపార, కాళ్ల దగ్గర లాంతరు, పక్కన తట్టనిండా రాళ్లు. లోయవైపు అంచు మోకాలెత్తు లేచి ఉంది. అతను నైట్ షిఫ్టుకు వెళ్లినప్పుడల్లా ఆమె ఇక్కడికే వచ్చేది.

"పగటిపూట చేస్తే అందరికీ తెలుస్తది. నీ పేరు పోతది," అంది గొంతు తగ్గించి. "నిమ్మకాయలు మనింట్ల నుంచే పోయినయి. నాకు ఎరుక కాదా?"

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండు అనుకున్నాడు.

"మలుపు సక్కజేసిన," అంది ఆమె, లాంతరు ఎత్తుతూ. "ఎల్లస్వామన్న కాలు నాతోటి కాదు. గా సంగతి నువ్వే చూసుకోవాలె."

రేంజరు బాట చూడటానికి వస్తానన్నది తెల్లారే.

ఇదంతా నాకు చెప్పింది ఎల్లస్వామి. ఇప్పటికీ కుంటుతాడు. ఆ తెల్లవారుజామున ఎవరో తలుపు కొడితే, కర్ర పట్టుకుని లేచి వెళ్లి తీశాడట. గడప బయట సారంగపాణి, తల దించుకుని. చేతుల నిండా మట్టి.

"అన్నా... నిన్ను గుంజింది దెయ్యం గాదు. నేను."