షాపులో మాత్రమే పనిచేసే కెమెరా

"మీరు బాగుచేసింది దీన్నేనా?"

కుర్ర కెమెరా మెకానిక్ తలెత్తాడు. కౌంటరు మీద అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా. దాని వెనక కోపంగా ఒక అమ్మాయి. అదే వీధి చివర డ్రై క్లీనింగ్ షాపు కౌంటర్లో కూర్చునే అమ్మాయి. బయట వాన. ఆమె తడిసింది. కెమెరా తడవలేదు. దానికి కవరు చుట్టింది, తనకి గొడుగు మరిచిపోయింది.

"నిన్ననే కదండీ పట్టుకెళ్ళారు. బాగానే పనిచేసింది."

"ఇక్కడ పనిచేసింది. ఇంటికెళ్ళగానే మళ్ళీ మసక."

నిన్న వచ్చినప్పుడు కెమెరా పువ్వు గుర్తు మీద ఉంది. ఆ గుర్తు మీద ఉంటే దగ్గరి వస్తువులే స్పష్టంగా పడతాయి. అది మార్చి ఇచ్చాడు. పని అయిపోయిందనుకున్నాడు. పని అయిపోయిందనుకోవడం ఆ వయసులో అందరికీ ఉండే జబ్బే.

ఇప్పుడు కెమెరా ఆమె వైపు తిప్పాడు. బటన్ సగం నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ పెట్టె వచ్చింది, కీచుమంది. పూర్తిగా నొక్కాడు.

"చూడండి. ఎంత స్పష్టంగా ఉందో! వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు."

"నా వెంట్రుకలు మీరెందుకండీ లెక్కపెట్టడం?"

అతను ఫోటో తుడిచేశాడు. తుడిచేశాక బాధపడ్డాడు.

"బటన్ ఒక్కసారిగా నొక్కేస్తున్నారేమో. ముందు సగం నొక్కి ఆగాలి."

"నొక్కేది మా అమ్మ. సగం నొక్కమంటే సగమే నొక్కి, అయిపోయిందే, లేవమంటుంది."

"తీసేది ఎక్కడ?"

"అమ్మమ్మ గదిలో. ఆవిడ కంటికి ఆపరేషనైంది. వెలుతురు పడకూడదని తెరలు వేసి ఉంచుతాం. ఫ్లాష్ కూడా వద్దంటుంది."

"చీకటా! ముందే చెప్పొద్దూ?"

అతను లోపలి సామాన్ల గదిలోకి వెళ్ళి లైటు ఆర్పాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. బటన్ సగం నొక్కగానే కెమెరా ముఖాన చిన్న నారింజరంగు దీపం వెలిగింది. అట్టపెట్టె మీద అక్షరాలు చక్కగా కుదిరాయి.

"చూశారా? చీకట్లో ఆ దీపం వెలుగుతోనే ఇది ఫోకస్ పట్టుకుంటుంది. దీపం బాగుంది, లెన్సు బాగుంది. మరి మీ ఇంట్లో ఎందుకు పడటంలేదు?"

ఆమె ఆ దీపాన్నే చూస్తూ ఉండిపోయింది. "ఏమో మరి," అంది. గొంతులో కోపం లేదు. ఎందుకు తగ్గిందో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. మళ్ళీ మసక. అతను బ్యాటరీ మార్చాడు. లెన్సు విప్పి తుడిచాడు. తుడవడానికి దాని మీద దుమ్ము రవ్వంత కూడా లేదు. ఇంత శుభ్రమైన కెమెరా అతని బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

"రోజూ కడుగుతారా ఏంటి దీన్ని?"

"మా షాపుకి వచ్చేవాళ్ళు జేబుల్లో చెత్తతో సహా బట్టలు పడేసి పోతారు. వాళ్ళని తిట్టుకునేదాన్ని, నేనూ అలాగే ఇస్తానా?"

కార్డులో ఉన్నవన్నీ ఆమె ఫోటోలే. ప్రతిదాంట్లోనూ ముఖం ఉండాల్సిన చోట పొగ.

"ఇన్నిసార్లు ఎందుకు తీయించుకుంటున్నారు?" అన్నాడు, అడక్కుండా ఉండలేక.

"సంబంధం వాళ్ళు ఫోటో పంపమన్నారు."

స్క్రూడ్రైవర్ కింద పడింది. దాన్ని వెతకడానికి బల్ల కింద చాలాసేపు ఉన్నాడు.

"స్టూడియోలో తీయించుకోవచ్చుగా?" అన్నాడు అక్కడినుంచే.

"మా పిన్నికి అలాగే తీయించారట. పెళ్ళయ్యాక మా బాబాయి, ఫోటోలో ఉన్నావిడ ఏదీ అనేవాడట. అందుకే అమ్మమ్మ దగ్గర కూర్చుని మరీ తీయిస్తోంది."

ప్రేమలో పడ్డవాడు మొట్టమొదట తన పనినే చెడగొట్టుకుంటాడు. ఇతను ఆ మాత్రం తెలివి కూడా చూపలేదు. "రేపు మీ ఇంటికే వచ్చి చూస్తాను," అన్నాడు.

ఆమె కెమెరాకి మళ్ళీ కవరు చుట్టింది. తర్వాత, "మీ ఇష్టం," అంది. అందులో ఇష్టం ఉందో లేదో రాత్రంతా ఆలోచించినా అతనికి తేలలేదు.

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ తలుపు తీసింది. లోపల మంచం మీద నల్లకళ్ళద్దాలతో అమ్మమ్మ.

"ఈ అబ్బాయేనా బాగుచేసి బాగుచేసి దాన్ని పాడుచేసింది?"

"నేనేనండీ," అన్నాడు. అలా అనకూడదని అన్నాక తెలిసింది.

అలమరలోంచి కెమెరా తెచ్చి ఇచ్చిందా అమ్మాయి. సగం నొక్కాడు. లెన్సు ముందుకీ వెనక్కీ కదిలింది, వెతికి వెతికి ఎర్ర పెట్టె చూపించింది. దీపం వెలగలేదు. కెమెరా తిప్పి చూశాడు. దీపం ఉండే చోట, కత్తెరతో గుండ్రంగా కత్తిరించిన నల్ల టేపు ముక్క.

"ఇదేంటి?"

"ఆ వెలుగు అమ్మమ్మ కంట్లో గుచ్చుకుంటోందంటే అంటించాను."

"షాపుకి తెచ్చినప్పుడు లేదే?"

"పీకేసి, తుడిచి తెస్తాను. టేపులతో ఇస్తారా ఎవరైనా రిపేరుకి?"

"మరి ఇంటికొచ్చాక?"

"కొత్తది అంటిస్తాను," అంది అతని వైపు చూడకుండా.

"దొరికిందా బాబూ జబ్బు?" అంది అమ్మమ్మ.

లెన్సు మోటారు పోయిందని చెప్పొచ్చు. ఫోటో ఆగుతుంది. సంబంధం ఆగుతుంది. అబద్ధం నాలుక దాకా వచ్చింది.

"దొరికిందండీ," అన్నాడు. టేపు పీకాడు. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. కెమెరా బాగైతే ఎవరైనా సంతోషిస్తారు కదా అని అయోమయపడ్డాడు.

"అమ్మమ్మగారూ, ఒక్క క్షణం గోడవైపు తిరగండి."

కెమెరా కదలకుండా స్టూలు మీద ఆనించాడు. ఆ అమ్మాయి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"ఎటు చూడాలి?"

"దీపం వైపు."

ఆమె దీపానికి కొంచెం పైకి చూసింది. పెట్టె ఆకుపచ్చగా మారింది. నొక్కాడు.

పొగ లేదు. కనురెప్పలు, పెదవి పక్కన చిన్న మచ్చ, అన్నీ ఉన్నాయి. ఆ ఫోటో చెడిపోతే బాగుండునని కోరుకున్నవాడు ఆ గదిలో తనొక్కడే అనుకున్నాడు. అదీ తప్పే.

వాళ్ళమ్మ చూసి పొంగిపోయింది. అమ్మమ్మ నల్లకళ్ళద్దాలు పైకెత్తి, కెమెరాని ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత అతన్ని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"ఇది పంపడానికి పనికిరాదు."

"ఇంత బాగా వస్తే పనికిరాదంటావేంటమ్మా?"

"బాగా వచ్చింది కాబట్టే పనికిరాదు. ఇది కెమెరాని చూస్తోందటే? నొక్కేవాణ్ణి చూస్తోంది."

ఆ అమ్మాయి కుర్చీ చేతి మీద లేని దుమ్మును పైట కొనతో తుడుస్తోంది.

"వాళ్ళతో ఏం చెప్పమంటావు మరి?" అంది వాళ్ళమ్మ, ఇంకో కుర్చీలో కూలబడి.

"కెమెరా ఇంకా బాగవలేదని చెప్పు."

"బాగైందండీ!" అన్నాడు మెకానిక్. వృత్తి గౌరవం అలాంటిది. "టేపు ఒక్కటే అడ్డం. ఇప్పుడు దీనికి ఏ లోటూ..."

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అంది ఆ అమ్మాయి.

మూసుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మొదటిసారి నిజంగానే తెలీదు. మీరు చీకటి గదిలో దీపం చూపించినప్పుడు తెలిసింది."

"తెలిసీ మళ్ళీ అంటించారా? నేను లెన్సు మొత్తం విప్పానండీ!"

"చెబితే ఫోటో వచ్చేస్తుంది. ఫోటో వస్తే వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఇంకెలా చెప్పాలి మీకు?"

అతనికి అప్పుడు అర్థమైంది. ఆలస్యంగానే.

"ఏం గుసగుసలు?" అంది అమ్మమ్మ, కళ్ళద్దాలు దించుకుంటూ. "ఏం బాబూ, ఈ కెమెరా బాగవడానికి ఎన్నాళ్ళు పట్టొచ్చు?"

అతను కెమెరా చూశాడు. ఆ అమ్మాయిని చూశాడు.

"చెప్పలేనండీ. చిక్కు పెద్దదే. మా పెద్దవాళ్ళని తీసుకొచ్చి చూపించాలి."

ఆ అమ్మాయి అలమర తెరిచి, నల్ల టేపు చుట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది.