అన్న లాగిన్

"చనిపోయినవాడి లాగిన్ ఇవాళ పొద్దున మళ్లీ తెరుచుకుంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ తలెత్తి చూశాడు. ఆ లాగిన్ అతని అన్నది. నెల క్రితం కారు ప్రమాదంలో పోయాడు. నౌకాదళ రహస్యాలు అతని పేరు మీదే బయటికి పోతున్నాయి కాబట్టి, పోయాక దేశద్రోహి అనే ముద్ర కూడా పడింది.

"విదేశీ ముఠా సర్వర్ రూమ్ దొరికింది. కేబుల్‌కి ట్యాప్ తగిలించు. అటూ ఇటూ పోయేదంతా కాపీ అవుతుంది. ఫైల్ ఎవరి చేతికి చేరుతోందో చివర్లోగానీ తెలీదు. అది రికార్డయ్యాకే కేబుల్ లాగు. నువ్వు మాత్రం ఒక్క అక్షరం కొట్టకు. కొడితే అంతా నువ్వే అల్లావంటాడు వాళ్ల లాయరు. మీ అన్న మీద మచ్చ ఇక పోదు."

"తెలుసు సార్. ఈ పని నేర్పింది అన్నే."

డేగ ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు. అన్న నేర్పిన అలవాటు ప్రకారం సొంత ఫోన్ వ్యాన్‌లోనే వదిలేశాడు. సాక్ష్యం పట్టేవాడి జాడ నెట్‌వర్క్‌లో కనబడకూడదు. తలుపు తీసింది నెమలి. ముఠాలో చేరి మనకు సమాచారం చేరవేసే మనిషి. నల్ల గౌను, ఖరీదైన సెంటు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

"త్వరగా కానివ్వండి. ఫైల్ బయల్దేరుతోంది."

సర్వర్ల హోరులో డేగ ట్యాప్ తగిలించి ల్యాప్‌టాప్ తెరిచాడు. జలాంతర్గాముల మ్యాప్ కదిలింది. పది శాతం. ఇరవై. అంతలో అన్న లాగిన్ నుంచి తెర మీద ఒక వాక్యం పడింది.

"ఒరేయ్ చిన్నోడా, వచ్చావా?"

 డేగని అలా పిలిచేది లోకంలో ఒక్కడే. ఆఖరిచూపుకు మొహం కూడా చూపించలేదు. బతికే ఉన్నాడేమో!

"ఇక్కడ చలిగా ఉందిరా. ఒక్క మాట మాట్లాడు."

"మీ అన్నే! జవాబివ్వండి," వెనక నుంచి నెమలి గుసగుసలాడింది.

వేళ్లు కీబోర్డు దాకా వెళ్లాయి. డేగకి ఏడుపొచ్చింది. 'వినడమే మన పనిరా' అనే అన్న గొంతు పక్కనే వినిపించినట్టయింది. చేతులు చంకల్లో దాచుకుని, ఆ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ట్యాప్ రికార్డులో చూశాడు. ఇదే గదిలోని ఒక ఫోన్ నుంచి. తన ఫోనేమో వ్యాన్‌లో ఉంది.

"మేడమ్, మీ ఫోన్ ఇటివ్వండి."

నెమలి నవ్వు ఆరిపోయింది. ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"కాల్చి లాభం లేదు. కాపీ ఎప్పటికప్పుడు చీఫ్‌కి చేరుతోంది, మీ ఫోన్ గుర్తుతో సహా. చిన్నోడా అనే పిలుపు ఎక్కడ విన్నారు?"

"చివరిసారి కారెక్కుతూ నీతో ఫోన్లో మాట్లాడాడు. పక్కనే ఉన్నాను."

తొంభై తొమ్మిది. ఫైల్ చేరే అడ్రస్ రికార్డయింది. డేగ కేబుల్ పీకేశాడు. తెర మీద మ్యాప్ ఆగిపోయింది. మరుక్షణం చీఫ్ మనుషులు తలుపు బద్దలుకొట్టుకుని వచ్చి నెమలి చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"సాక్ష్యం చెక్కుచెదరలేదు. మీ అన్న నిర్దోషి," అన్నాడు చీఫ్, ఆఫీసుకొచ్చాక.

డేగ ఇంకా ఆ ఫైలే చూస్తున్నాడు. అన్న పేరు పక్కన, 'వచ్చావా?' అనే ప్రశ్న అలాగే ఉంది. రాసింది ఆమేనని తెలిసినా మనసు ఊరుకోలేదు.

"వచ్చానని ఒక్క మాట రాయనా సార్?"

"రాశావో, కేసు గోవిందా!"

"అన్న కూడా ఇదే అనేవాడు సార్. కాకపోతే చెవి మెలిపెట్టి అనేవాడు."